అందరి మీదా ఒకే ఎండ

మా స్టూడియోలోకి వచ్చేవాళ్లు ముందు రేటు అడగరు. "సారూ, జర తెల్లగ పడేటట్లు తియ్యి" అంటారు. ఆ తర్వాతే ఎంత, ఎప్పుడిస్తావు అన్న మాటలు. పాస్‌పోర్టు సైజు ఫోటోకైనా అంతే, పెళ్లి ఆల్బమ్‌కైనా అంతే. ఆఖరికి దండ వేసి గోడకు తగిలించే ఫోటోకైనా అదే మాట. పోయినవాళ్లకు కూడా తెలుపు కావాలి!

మాది మహబూబ్‌నగర్. పాలమూరు అంటేనే మాకు నోరు నిండుతుంది. ఎర్రచెలకలు, గుండ్లు, గుట్టలు, ఎండ. ఇక్కడ పుట్టి, మట్టి పనిలో పెరిగిన మనిషి ఒంటి రంగు ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. ఆ రంగును స్టూడియో కుర్చీలో కూర్చోగానే ఎందుకు దాచుకోవాలనుకుంటారో మొదట్లో నాకు అర్థమయ్యేది కాదు. తర్వాత తెలిసింది. పిల్ల ఫోటో తెల్లగా వస్తే సంబంధం ఒక మెట్టు పైది వస్తుంది. కట్నం ఒక మెట్టు కిందికి దిగుతుంది. ఇంత లెక్క ఉన్న విషయంలో నేను నీతులు చెబితే ఎవరు వింటారు? పక్క స్టూడియోకి పోతారు. అందుకని నేను ఒక ఒప్పందానికొచ్చాను. ముఖం మీద కాస్త వెలుగు పెంచుతాను గానీ రంగు మార్చను. వెలుగుకీ రంగుకీ తేడా ఉంది. ఆ తేడా చుట్టూనే నా బతుకు తిరిగింది.

ఈ పిచ్చి మనదొక్కరిదే అనుకోకండి. రంగుల ఫిల్ము కూడా తెల్లవాళ్ల కోసమే పుట్టింది. వెనకటికి కొడాక్ వాళ్లు ల్యాబులకు ఒక నమూనా ఫోటో పంపేవాళ్లు. అందులో ఒక తెల్లమ్మాయి ఉండేది. దానికి 'షిర్లీ కార్డు' అని పేరు. ఆమె చర్మం సరిగ్గా వస్తే యంత్రం సరిగ్గా ఉన్నట్టు లెక్క. నల్లని ముఖాలు గుడ్డిగా, కళ్లూ పళ్లూ మాత్రమే కనపడేలా వస్తే అది ఫోటో దిగినవాడి ఖర్మ! లోర్నా రాత్ అనే కెనడా పరిశోధకురాలు 2009లో దీని మీద వివరంగా రాసింది. ముదురు రంగులు ఫిల్ము మీద సరిగ్గా పడటం లేదని ముందుగా గట్టిగా అడిగింది నల్లజాతి వాళ్లు కాదట. చాక్లెట్లు, చెక్క సామాన్లు అమ్మే కంపెనీలట. తమ చాక్లెట్ల రకాల మధ్య, చెక్కల మధ్య తేడా కనపడటం లేదని వాళ్లు మొరపెట్టుకుంటే అప్పుడు కదిలారు. మనిషి ముఖం కంటే చాక్లెట్టు ముఖం విలువైనదన్నమాట.

నేను ఈ పనిలోకి కెమెరా ద్వారా రాలేదు, కుంచె ద్వారా వచ్చాను. పదో తరగతి అయ్యాక ఒక పెయింటర్ దగ్గర చేరాను. దుకాణాల బోర్డులు, లారీల వెనక రాతలు, సినిమా హాలు ముందు గుడ్డ బ్యానర్లు, ఎన్నికలొస్తే గోడలు. ఆయన నాకు అక్షరాలు నేర్పే ముందు షేడు నేర్పాడు. ఒక పక్క ఎరుపు, ఒక పక్క పసుపు. రెండూ తడిగా ఉండగానే మధ్యలో పొడి కుంచెతో అటూ ఇటూ తడమాలి. ఎరుపు ఎక్కడ అయిపోయిందో, పసుపు ఎక్కడ మొదలైందో కనపడకూడదు. ఆలస్యం చేస్తే ఎండకు ఆరిపోయి గీత పడుతుంది. తొందరపడితే బురద అవుతుంది. మా దగ్గర చైత్రం, వైశాఖాల్లో గోడ మీద షేడు వేయాలంటే పొద్దున్నే ఏడింటిలోపు వేయాలి. ఆ తర్వాత గోడే రంగును తాగేస్తుంది.

అక్షరం రాశాక ఆయన అడిగే ప్రశ్న ఒకటే. "పొద్దు ఎటు దిక్కున్నది రా?" అక్షరానికి పైన లేత రంగు, కింద ముదురు రంగు ఎందుకు? పైనుంచి ఎండ పడుతోంది కాబట్టి. నీడ కుడివైపు వేశావంటే పొద్దు ఎడమవైపు ఉండాలి. ఒక బోర్డు మీద పది అక్షరాలుంటే పదింటికీ పొద్దు ఒకటే దిక్కున ఉండాలి. ఇది ఆయన చదువు. నాకు తెలిసి అంతకుమించిన డిజైనింగ్ పాఠం ఏ ఇన్‌స్టిట్యూట్‌లోనూ లేదు.

తర్వాత కంప్యూటర్లొచ్చాయి, వాటి వెనకే ఫ్లెక్సీలొచ్చాయి. రెండు వేల దాటాక నాలుగైదేళ్లలో గోడ రాతలు, గుడ్డ బ్యానర్లు ఎటుపోయాయో పోయాయి. పెయింటర్లు కొందరు ఇళ్లకు సున్నాలు వేయడానికి పోయారు. కొందరు ఆటోలు కొన్నారు. నేను ఒక డీటీపీ సెంటర్లో చేరి కీబోర్డు ముందు కూర్చున్నాను. అక్కడే ఫోటోషాప్ 7.0 నేర్చుకున్నాను. 2002లో వచ్చిన ఆ వెర్షన్ మీద మా స్టూడియోలు ఎన్నేళ్లు బతికాయో! తెలుగు అక్షరాలకు అనూ ఫాంట్లు. ఒత్తులు ఎక్కడికో ఎగిరిపోతే చేత్తో పట్టుకొచ్చి కింద అతికించడం అదనపు విద్య.

ఆ సాఫ్ట్‌వేర్ పుట్టుక కథ నాకు చాలా ఇష్టం. అమెరికాలో థామస్ నోల్ అని ఒక పీహెచ్‌డీ విద్యార్థి. 1987లో అతని దగ్గరున్న కంప్యూటర్ తెరకు నలుపు, తెలుపు తప్ప మూడోది తెలియదు. అలాంటి తెర మీద బూడిద రంగు ఛాయలు చూపించాలని సరదాగా ఒక ప్రోగ్రాం రాశాడు. సినిమాలకు ట్రిక్ షాట్లు చేసే కంపెనీలో పనిచేస్తున్న అన్నదమ్ముడు జాన్ నోల్ అది చూసి, దీన్ని అమ్ముకోవచ్చు అన్నాడు. 1990 ఫిబ్రవరిలో అడోబీ కంపెనీ దాన్ని ఫోటోషాప్ పేరుతో మార్కెట్లోకి తెచ్చింది. అంటే అది పుట్టిందే నలుపుకూ తెలుపుకూ మధ్యలో ఏముందో చూపించడానికి. ఇంకో సంగతి. ఆ అడోబీ కంపెనీకి 2007 డిసెంబరులో సీఈఓ అయిన శంతను నారాయణ్ హైదరాబాద్‌లో పుట్టి, ఉస్మానియాలో ఇంజినీరింగ్ చదివినాయన. మా డీటీపీ సెంటర్లో ఆ వార్త చదివి, ఏదో మేనత్త కొడుక్కి ఉద్యోగమొచ్చినట్టు మిఠాయి పంచుకున్నాం.

లేయర్ల గురించి మా ఆవిడకు చెప్పడానికి నాకు చాలా తిప్పలైంది. చివరికి గాజు పలకలతో చెప్పాను. కిటికీ అద్దాలు నాలుగు ఒకదాని మీద ఒకటి పెట్టావనుకో. అన్నిటికంటే కింది అద్దం మీద ఆకాశం, దాని పైన గుట్ట, దాని పైన మనిషి, అన్నిటికంటే పైన పేరు. పైనుంచి చూస్తే ఒకటే బొమ్మ. కానీ మనిషిని పక్కకు జరపాలంటే గుట్ట చెరిగిపోదు. ఆ అద్దాలే లేయర్లు. ఫోటోషాప్‌లో ఇవి 1994లో మూడో వెర్షన్‌తో వచ్చాయి. ఇక గ్రేడియంట్ అంటే మా గురువు చెప్పిన షేడే. ఒక పట్టీ ఉంటుంది. దాని కింద చిన్న చిన్న రంగు గుర్తులు, వాటిని స్టాప్‌లు అంటారు. ఈ చివర ఒక రంగు, ఆ చివర ఒక రంగు పెడితే మధ్యలోవన్నీ కంప్యూటరే లెక్కగట్టి నింపేస్తుంది. ఏ లేయర్ మీద కావాలంటే ఆ లేయర్ మీదే ఈ షేడు కప్పవచ్చు. గ్రేడియంట్ ఓవర్‌లే అని దాని పేరు. లేయర్‌లో అక్షరం ఉంటే అక్షరం మేరకే పడుతుంది, మనిషి ఉంటే మనిషి మేరకే పడుతుంది. నచ్చకపోతే కన్ను గుర్తు నొక్కి తీసేయవచ్చు. కింద బొమ్మకు ఏమీ కాదు.

కంప్యూటర్ లెక్క మాత్రం మా గురువు చేతికి ఎక్కువసార్లు తక్కువే. ఎరుపుకూ ఆకుపచ్చకూ మధ్య ఏముంటుంది? మామిడికాయను చూసినవాడెవడైనా పసుపు అంటాడు. కంప్యూటర్ సగం ఎరుపు, సగం ఆకుపచ్చ కలిపి చెరువు పాచి లాంటి మురికి రంగు పెడుతుంది. నీలానికీ నారింజకూ మధ్య బూడిద పోస్తుంది. దాని తప్పేం లేదు, రెండంకెలకు మధ్య అంకె చెప్పమంటే చెప్పింది. మనమే మధ్యలో ఇంకో స్టాప్ పెట్టి దానికి మామిడికాయ సంగతి చెప్పాలి. 2021 చివర్లో వచ్చిన వెర్షన్‌లో కంటికి ఎలా కనిపిస్తుందో చూసి లెక్కగట్టే పద్ధతి కూడా చేర్చారు. ఇప్పుడు మురికి కాస్త తగ్గింది. అయినా నా చెయ్యి అలవాటుగా మధ్యలో స్టాప్ పెట్టడానికే పోతుంది.

ఆ స్టాప్‌లు ఎక్కడ పెట్టాలో నాకు నేర్పింది ఆకాశం. కోఠికి పోయి కొనుక్కొచ్చిన బ్యాక్‌గ్రౌండ్ సీడీల్లో మంచు కొండలు, ఎర్ర గులాబీలు, ఎవరివో భవంతులు ఉండేవి. మా కోయిలకొండ పెళ్లికొడుకు మంచుకొండ ముందు సూటేసుకుని నిలబడితే నాకే నవ్వొచ్చేది. ఒకసారి జూరాల ప్రాజెక్టు మీద నిలబడి సాయంత్రాలు ఫోటోలు తీశాను. తెచ్చి తెర మీద పెట్టి, పైనుంచి కిందికి ఒక్కోచోట రంగు పిండి చూశాను. నడినెత్తిన ముదురు నీలం. కిందికి వస్తుంటే తెల్లబోయిన నీలం. అక్కడ సన్నగా లేత పసుపు. ఆ తర్వాతే నారింజ, అట్టడుగున దుమ్ము కలిసిన ఎరుపు. నీలం నుంచి నారింజకు ఆకాశం నేరుగా దూకదు. మధ్యలో పలచబడుతుంది. పైన గాలి పొర పలచన, అంచున చూస్తే వెలుగు బోలెడంత గాలినీ దుమ్మునూ దాటుకుని రావాలి కాబట్టి ఈ తేడాలన్నీ. ఆ అయిదు స్టాప్‌లను 'పాలమూరు సాయంత్రం' అని పేరు పెట్టి దాచుకున్నాను. ఇప్పటికీ పెళ్లి ఆల్బమ్ చివరి షీటుకు అదే వాడతాను.

ఫ్లెక్సీల సంగతి కూడా ఒక మాట. నాయకుడి వెనక నీలం షేడులో అడ్డంగా పట్టీలు పట్టీలుగా కనిపించడం మీరూ చూసే ఉంటారు. మామూలు ఫైలులో ఒక్కో మూల రంగుకు ఉండేవి 256 మెట్లే. పైన నీలానికీ కింద నీలానికీ తేడా 36 మెట్లే అనుకోండి. ఆరడుగుల ఫ్లెక్సీ అంటే 72 అంగుళాలు. ఒక్కో మెట్టు రెండంగుళాలు! కంప్యూటర్ తెర మీద నున్నగా ఉన్నది చౌరస్తాలోకి పోయేసరికి మెట్ల బావి అవుతుంది. దీనికి మందేమిటంటే కాస్త మరక వేయడం. నాయిస్ అని సన్నని రవ్వ చల్లితే మెట్ల అంచులు చెదిరి కంటికి నునుపుగా కనిపిస్తుంది. మరీ శుభ్రంగా ఉన్నదాంట్లోనే గీతలు కనపడతాయి.

ఈ మాట రాస్తుంటే చీరలు గుర్తొస్తున్నాయి. మా గద్వాల చీర చూడండి. నూలు ఒళ్లు, పట్టు అంచు. రెండు వేర్వేరు పోగుల్ని మగ్గం మీదే ఒకదానికొకటి ముడివేసి కలుపుతారు. ఆ కలిసే చోట రంగు గీత గీసినట్టు మారిపోతుంది. దాని అందమే ఆ గీతలో ఉంది. అదే నల్గొండవైపు పోచంపల్లికి పోతే కథ వేరు. అక్కడ నేయకముందే దారాన్ని ముడులు కట్టి రంగులో ముంచుతారు. ముడి కింద రంగు కొంచెం ఇగురుతుంది, నేసేటప్పుడు పోగులు వెంట్రుకవాసి జరుగుతాయి. దాంతో పువ్వు అంచు ఈకలా చెదిరి ఉంటుంది. ఆ చెదురే దానికి అందం. పక్కపక్క జిల్లాల్లో ఒకరు గీతను నమ్ముకున్నారు, ఒకరు చెదురును నమ్ముకున్నారు. నేను స్టూడియోవాణ్ణి కాబట్టి పోచంపల్లి పార్టీ.

ఎందుకంటే నాకొచ్చే పనిలో సగం చెదిరినవాళ్లను కలపడమే.

పాలమూరు లేబర్ అనే మాట మీరు వినే ఉంటారు. ఆనకట్టలు, కాలువలు, రోడ్లు, ఇప్పుడు పట్నాల్లో ఎత్తయిన బిల్డింగులు. ఎక్కడ మట్టి తవ్వాలన్నా మా వాళ్లు పోయారు. బొంబాయి బస్సు మా దగ్గర చుట్టంలాంటిది. మొగుడు పోతాడు, ఒక్కోసారి ఇద్దరూ పోతారు, పిల్లలు అవ్వ దగ్గర ఉంటారు. దసరాకో, దీపావళి తర్వాత కురుమూర్తి జాతరకో వస్తారు. ఒకళ్లు వచ్చేసరికి ఇంకొకళ్లు పోయి ఉంటారు. అందుకని ఇంట్లో అందరూ ఉన్న ఫోటో ఉండదు. తండ్రిది ఒక పాస్‌పోర్టు ఫోటో, తల్లీ పిల్లలది జాతరలో దిగింది ఒకటి, పెద్ద కొడుకుది ఫోన్లో వచ్చింది ఒకటి. అన్నీ ఒక కవర్లో వేసి తెచ్చి బల్ల మీద పెడతారు. "సారూ, అందర్నీ ఒక్కకాడ నిలవెట్టు."

కత్తిరించి పక్కపక్కన పెట్టడం ఎవరైనా చేస్తారు. కానీ అలా పెడితే బస్టాండులో ఒకరికొకరు తెలియని ప్రయాణికుల్లా ఉంటారు. ఒకరి మీద ట్యూబులైటు వెలుగు, ఒకరి మీద మిట్టమధ్యాహ్నం, ఒకరి మీద ఫోను ఫ్లాష్. నా గురువు ప్రశ్న అక్కడే గుర్తొస్తుంది. పొద్దు ఎటు దిక్కున్నది? ముందు ఒక దిక్కు అనుకుంటాను. ఒక్కో మనిషికీ ఒక్కో లేయర్. ఒక్కోదానికీ మాస్క్ అని ఒక తెర. మాస్క్‌లో తెలుపు ఉన్నచోట మనిషి కనిపిస్తాడు, నలుపు ఉన్నచోట కనపడడు, బూడిద ఉన్నచోట సగం కనిపిస్తాడు. ఆ తెర మీద నలుపు నుంచి తెలుపుకు గ్రేడియంట్ లాగితే భుజం పక్క భుజంలోకి మెల్లగా కలుస్తుంది. పొద్దుకు ఎదురుగా ఉన్న చెంపలు లేతగా, అవతలి చెంపలు ముదురుగా ఒక్కొక్కరికీ షేడు వేస్తాను. చివరగా అన్నిటికంటే పైన ఇంకొక ఖాళీ లేయర్ పెట్టి, పొద్దున్నవైపు పసుపు, అవతలివైపు నీలిఛాయతో ఒక గ్రేడియంట్ పరుస్తాను. సాఫ్ట్ లైట్ పద్ధతిలో, ఇరవై శాతం మించకుండా. కంటికి అది ఉన్నట్టే తెలియదు. కానీ అది వేయగానే వాళ్లంతా ఒకే వాకిట్లో నిలబడ్డట్టు అవుతారు. నా ఫైళ్లలో ఆ లేయర్ పేరు 'ఎండ'.

కొన్నేళ్ల కిందట ఒకామె వచ్చింది. నారాయణపేట దిక్కు పల్లె. వెంట పద్నాలుగు పదిహేనేళ్ల కొడుకు, అంతకంటే చిన్నది కూతురు. కొంగు ముడి విప్పి ఓటరు కార్డు తీసింది. పాతకాలపు కార్డు, బొటనవేలంత ఫోటో, నలుపు తెలుపు. పైన ప్లాస్టిక్ పగిలి ఒక గీత బుగ్గ మీదుగా పోయింది. ఆమె భర్త పుణె దగ్గర బిల్డింగు పనిలో పరంజా మీదనుంచి పడి పోయాడు. అప్పటికి ఆరేళ్లయింది. ఆయనది ఇంకో ఫోటో లేదు.

"పిల్లగాండ్లతోని, నాతోని కలిపి ఒక ఫోటువ చెయ్యి సారూ. కలర్ది" అంది.

స్కాన్ చేసి చూస్తే ముఖం కాదు, చుక్కల ముగ్గు. గీతను పూడ్చడానికి, చుక్కలను సాపు చేయడానికి రెండు పూటలు పట్టింది. ఆ తర్వాత రంగు. నలుపు తెలుపు ఫోటోకు రంగు వేయడానికి నేను వాడేది గ్రేడియంట్ మ్యాప్. దాని పని ఇలా ఉంటుంది. ఫోటోలో ముదురుగా ఉన్న ప్రతిచోటుకూ పట్టీలో ఎడమ చివరి రంగు ఇస్తుంది, లేతగా ఉన్నచోటుకు కుడి చివరి రంగు, మధ్యస్థంగా ఉన్నదానికి మధ్య రంగు. మరి ఆ మూడు రంగులు ఎక్కడి నుంచి తేవాలి? మనిషి లేడు. కొడుకును కూర్చోబెట్టి ఫోటో తీశాను. వాడి మెడ కింద నీడలోంచి ఒక రంగు, చెంప మీంచి ఒకటి, ముక్కు మీద మెరిసే చోటునుంచి ఒకటి తీసుకున్నాను. తండ్రి రంగు కొడుకు దగ్గర దొరక్క ఎక్కడికి పోతుంది?

మూడో రోజు ఆమె వస్తే తెర ముందు కుర్చీ వేసి చూపించాను. బాగుందంటుందనుకున్నాను. చాలాసేపు చూసింది.

"మా ఇంటాయన గింత తెల్లగ లేకుండె సారూ."

ఇన్నేళ్లలో ఆ మాట నేను మొదటిసారి విన్నాను.

"ఇంక నలుపా అక్కా?"

"నలుపే. పోరడు బడికి పోతడు, నీడపట్టున ఉంటడు. ఆయన ఎండల మాడిన నలుపు."

మధ్య స్టాప్‌ను కుడివైపు జరిపాను. ముఖం నల్లబడింది. "ఇంక" అంది. జరిపాను. "గంత ఎర్రతనం ఒద్దు." ఎరుపు తగ్గించాను. "మెడ కాడ ఇంక నలుపు." మెడకు వేరే తెర వేసి కింది నుంచి పైకి షేడు లాగాను. ఆమె తెరకు దగ్గరగా జరిగి వేలు పెట్టి చూపించింది. "నొసలు మీద గీడ టువాల కట్టెటోడు. గా కట్టిన మేరకు తెలుపు. కిందికెల్లి నలుపు."

నాకు చెయ్యి ఆగింది. ఎండలో తలకు తువ్వాలు చుట్టుకునే మనిషికి నుదుటి మీద ఒక పట్టీ లేతగా మిగిలిపోతుంది. ఆ విషయం ఓటరు కార్డుకు తెలియదు, కొడుకు ముఖానికి తెలియదు, నాకూ తెలియదు. నుదుటి మీద ఇంకో లేయర్ తెరిచి, పైన లేత గోధుమ రంగు, కనుబొమల దగ్గరికి వచ్చేసరికి ఏమీ లేకుండా, అంగుళం మేర గ్రేడియంట్ వేశాను. గీత కనపడకుండా, అలాగని మరీ కలిసిపోకుండా. ఎంత పలచగా ఉండాలో ఆమే చెప్పింది. నలభై శాతం దగ్గర "ఆఁ" అంది.

అప్పటిదాకా తలుపు దగ్గర నిలబడి ఉన్న కూతురు లోపలికొచ్చింది. తండ్రి పోయేనాటికి దానికి మూడేళ్లుంటాయేమో. "నాయిన గిట్లుండెనా?" అని తల్లిని అడిగింది. "గిట్లనే ఉండె" అని, ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కొడుకు మాత్రం తెర వంక కాకుండా నా మౌసు వంకే చూస్తూ, "అన్నా, దాన్ని ఎట్ల జరుపుతుర్రు?" అన్నాడు. వాణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి చూపించాను.

తర్వాత ముగ్గురినీ స్టూడియో బయట వేపచెట్టు కింద నిలబెట్టి, ఆయనకు చోటు వదిలి ఫోటో తీశాను. "మీ నాయినకు జాగ ఇడువుర్రి" అంటే ఆమె నిజంగానే అరడుగు పక్కకు జరిగింది. ఒంటి మీదికి వేరే మనిషి చొక్కా తెచ్చి కలపాల్సి వచ్చింది. కోటు వద్దంది, తెల్లంగీ చాలంది. అన్నీ అయ్యాక పైన 'ఎండ' పరిచాను.

ఇప్పుడు ఈ పనులు ఫోన్లలో క్షణాల్లో అవుతున్నాయి. పాత ఫోటో పెడితే రంగు అదే వేసేస్తుంది, చిరునవ్వు కూడా అదే పెట్టేస్తుంది. నేనూ వాడతాను, వాడకపోతే గిట్టుబాటు కాదు. చుక్కలు తీసేయడంలో, చినుగులు పూడ్చడంలో నాకంటే అదే నయం. రెండు పూటల పని రెండు నిమిషాల్లో చేస్తుంది. కానీ రంగు దగ్గరికి వచ్చేసరికి దానికీ షిర్లీ కార్డు బుద్ధి పోలేదనిపిస్తుంది. మా వాళ్ల ముఖాలు పెడితే నేను చూసిన చాలా యాప్‌లు అడక్కుండానే ఒక మెట్టు తెలుపు చేసి ఇచ్చాయి. 2020లో 'ఫెయిర్ అండ్ లవ్లీ' తన పేరులోంచి 'ఫెయిర్' తీసేసింది గానీ ఫోన్లలో దానికి ఏ పేరూ అక్కర్లేకుండా పోయింది. తువ్వాలు పట్టీ సంగతి దాన్ని ఎవరడుగుతారు, అది ఎవర్నడుగుతుంది?

ఇంకో జాగ్రత్త గురించి చెప్పాలి. చాలామంది పని అవగానే లేయర్లన్నీ కలిపేసి ఒకటే బొమ్మగా దాచుకుంటారు. డిస్కులో చోటు కలిసొస్తుంది. నేను ఇలాంటి ఫోటోలను కలపను. ఎవరి లేయర్ వారిది అలాగే ఉంచుతాను. ఒక్కో ఫైలు పెద్దదై కూర్చుంటుంది. మా అబ్బాయి కొత్త హార్డ్‌డిస్కు కొనమన్నప్పుడల్లా సణుగుతాడు.

పోయిన ఏడాది జాతరప్పుడు ఆ నారాయణపేట దిక్కు ఆమె మళ్లీ వచ్చింది. జుట్టు నెరిసింది. వెంట కూతురు, పక్కన కొత్తగా ఒక పిల్లవాడు, మెడలో పసుపు రంగు ఇంకా పోని తువ్వాలు.

"అల్లుడు సారూ. గా ఫోటువల ఈనె లేడు. కలుపుతవా?"

పాత డిస్కులన్నీ వెతికితే ఫైలు దొరికింది. తెరిస్తే అందరూ ఉన్నారు. వేపచెట్టు, ఆమె, అప్పటి చిన్న పిల్లలు, నుదుటి మీద లేత పట్టీతో ఆయన. అల్లుణ్ణి అదే చెట్టు కింద, పొద్దు అదే దిక్కున ఉన్న వేళ చూసి నిలబెట్టి తీశాను. కూతురి లేయర్ పక్కన అతని లేయర్ పెట్టి, 'ఎండ' కిందికి జరిపాను.

"జర తెల్లగ చెయ్యి అన్నా" అన్నాడు అల్లుడు మెల్లగా, అత్తకు వినపడకుండా.

అత్తకు వినపడింది. "మామ పక్కన నిలవడుతున్నవు, గట్లనే ఉండు" అంది. తర్వాత నా వైపు తిరిగి, "పెద్దది తియ్యి సారూ. ఈసారి కొత్తింట్ల గోడకు" అని సైజు చేతులు చాపి చూపించింది.